దమ్ము ఆపు

దేవరకొండ దవాఖానల
మెట్ల కింద సీసం తలుపు గది నాది.
పైన ఎర్ర బల్బు వెలిగిందంటే
లోపట ఎవరో తోలు ఇడిచి నిలబడ్డట్టు.
"కదలకు. దమ్ము ఆపు."
మీట నొక్కుత.
"ఇగ ఇడువు."
పదకొండేండ్ల సంది నా నోట్ల గివే మూడు ముక్కలు.

గుంటూరు నుంచి కొత్తగ వచ్చిన డాక్టరమ్మ
నేను "బొక్క ఇరిగింది" అంటే నవ్వింది.
వాళ్ల దిక్కు బొక్క అంటే రంధ్రమట.
తొడబొక్క కొసను దగ్గర చేసి చూపించిన:
సూడమ్మా, లోపటంత జాలే, తేనెపట్టు లెక్క,
బరువు ఏ దిక్కు నుంచి దిగుతదో
ఆ దిక్కుకే కమాన్లు కట్టుకున్నది.
మీ మాటా నిజమే, మా మాటా నిజమే.
బొక్క నిండ బొక్కలు,
అందుకే మనిషి అంత తేలిగ్గ లేచి నడుస్తడు.

అందరి బొక్కలు ఒక్కతీరే అంటరు చదువుకున్నోళ్లు.
కాదు.
బొంబాయిల ఇరవై ఏండ్లు తట్ట మోసొచ్చిన అచ్చంపేటాయన
మెడపూసలు ఒకదాని మీదొకటి కుంగి
గోనె సంచులోలె కూసున్నయి.
సుత్తె కొట్టేటోని కుడిచెయ్యి
ఎడమచేతికి అన్న లెక్క కనపడ్తది.
పేరు రాయకున్నా
పటం చూసి పని చెప్త.

లోపట ఇద్దరు మేస్త్రీలుంటరు.
ఒకడు కూలగొడ్తడు, ఒకడు కడ్తడు,
పండుగ లేదు, నాగా లేదు.
యాభై దాటిన ఆడోళ్ల కాడ
కట్టేటోడు ఆలస్యంగ వస్తడు,
కూలగొట్టేటోడు తెల్లారకముందే హాజరు.
తానం గదిల జారితే తుంటి. అంతే.
పాలు, రాగిజావ, పొద్దుటెండ
అని చీటీ రాస్తది డాక్టరమ్మ.
"పాలు కేంద్రంల పోస్తం గని తాగుతమా?
ఎండయితే శాన ఉన్నది" అంటరు వాళ్లు.

మొన్న బుధవారం
మర్రిగూడ దిక్కు నుంచి వీరమళ్ల అండాలు వచ్చింది.
నన్ను చూద్దామంటే మెడ తిరగదు,
మనిషి మొత్తం తిరిగింది, గేటు తిరిగినట్టు.
పటం ఎత్తి చూస్తే
తెలుపు.
కొత్తగ సున్నమేసిన గోడంత తెలుపు.
తెల్వనోడు చూస్తే గట్టి పెయ్యి అనుకుంటడు.
అది బోరు నీళ్ల తెలుపు.
ముప్పై ఏండ్లు బిందెలు బిందెలుగ దిగి
బొక్కలల్ల కూసున్న రాయి.
మోచేతి కింద జంట బొక్కల నడుమ
కాగితమంత పొర ఉంటది,
ఆ పొరకు ముళ్లు మొలిచినయి.

"గట్టిగున్నయా సారూ?"
"గట్టిగనే ఉన్నయమ్మా."
అబద్ధం కాదు.
సుద్దముక్క గూడ గట్టిగనే ఉంటది, ఇరిగేదాక.

సైకిల్ స్టాండు కాడికి పోయి
తల ఎత్తరాక, ఫిలింనే కండ్ల ముందటికి తెచ్చుకొని
మూడింటి ఎండకు పట్టింది.
"ఓ యమ్మ, నా లోపట గింత వెలుగున్నదా!"
కిటికీల కెల్లి నాకు ఇనపడ్డది.

ఎంట వచ్చిన మనుమడికి గూడ పటం ఉండె,
దూడ గుంజితే పడ్డడు, మణికట్టు.
నల్లాల కృష్ణ నీళ్లు వచ్చినంక పుట్టినోడు.
వాని బొక్కలు బూడిద రంగు.
ఎంత మంచి బూడిద రంగు!
కొసకు ఒక నల్లగీత ఉంటే వేలు పెట్టి
"గిదేనా ఇరిగింది?" అన్నడు.
కాదు బిడ్డా, అది ఇంకా పెరిగే జాగ.
ఇరిగింది దాని పక్కన, వెంట్రుకంత.

వాడు నా పండ్ల దిక్కే చూస్తున్నడు,
గోధుమ చారల దిక్కు.
నేను పుట్టింది చండూరు కాడ.
"నీది తీస్కున్నవా సారూ?"

లేదు.
మీట గోడకు అవుతల ఉంటది,
చెయ్యి ఇవుతల పెట్టాలె.
ఎవరన్న చెప్పాలె గద, దమ్ము ఆపమని.

"నేను చెప్త" అన్నడు వాడు,
కట్టు కట్టని చెయ్యి పైకి లేపి.

బయట ఇంక ఎనిమిది మంది ఉండిరి.
తర్వాతి పేరు పిలిచిన.